టైల్స్ ఎందుకు లేస్తాయి? తప్పు టైల్‌ది కాదు.. కింది గచ్చుది!

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన రెండేళ్లకే హాల్లో టైల్స్ ఉబ్బి ఫట్‌మని లేస్తే? చాలామంది టైల్స్ కంపెనీని తిట్టుకుంటారు. అసలు సమస్య చాలాసార్లు కిందనే ఉంటుంది. ఇందిరమ్మ ఇంటికి వచ్చేదే 5 లక్షలు. అందులో రెండుసార్లు ఫ్లోరింగ్ చేయించే స్తోమత ఎవరికుంటుంది?

కాళేశ్వరం లాంటి నదీతీర ఊళ్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. 2022 జూలై వరదల్లో కన్నెపల్లి పంప్‌హౌస్ కూడా నీట మునిగింది. ఇలాంటి చోట నేలలోని తేమ గచ్చులోంచి పైకి ఎక్కుతూనే ఉంటుంది.

కొత్త ఇల్లయితే ముందు మట్టి చూడాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. దాని మీదే కాంక్రీట్ పోస్తే ఎంత ఖరీదైన టైల్ అయినా నిలవదు. ఆ మట్టి తీసేసి మొరం పోయాలి. అర అడుగుకో పొర చొప్పున నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. ఒకేసారి మూడడుగులు నింపి పైపైన నీళ్లు చల్లితే తర్వాత కుంగుతుంది. మొరం మీద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి బెడ్ వేస్తే తేమకు అడ్డు. బెడ్‌ను కనీసం వారం తడపాలి, తర్వాత ఆరనివ్వాలి. గృహప్రవేశం దగ్గరపడిందని తొందరపడేది ఇక్కడే. కాంక్రీట్ బలానికి లెక్క 28 రోజులు.. అది ముహూర్తం చూసి గట్టిపడదు మరి!

ఆరిందో లేదో తెలిసేదెలా? అడుగున్నర ప్లాస్టిక్ కవర్ పరిచి, నాలుగు వైపులా టేప్ అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి చుక్కలుంటే ఇంకా ఆగాల్సిందే.

పాత గచ్చు మీదే వేయిస్తున్నారా? సుత్తి పిడితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే ఆ ముక్క పగలగొట్టించాలి. నున్నటి గచ్చుకు ఉలితో గాట్లు పెట్టకపోతే మాలు పట్టదు. రంగు, నూనె మరకలు, దుమ్ము ఉండొద్దు. ఊడ్చి, తడిపి, సిమెంట్ పాలు పోశాకే మాలు వేయాలి. మాలు కాకుండా టైల్ గమ్‌తో అతికిస్తే ఎత్తుపల్లాలు ముందే సరిచేయాలి. ఆరడుగుల అల్యూమినియం బద్ద పెడితే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించొద్దు.

బాత్రూంలో నీళ్ల వాలు కూడా గచ్చులోనే రావాలి, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు. టైల్స్‌తో వాలు తెస్తాననే మేస్త్రీని అక్కడే ఆపండి.

ఇక గోడ అంచున 5, 6 మిల్లీమీటర్ల సందు వదలమనండి. ఎండకు టైల్స్ కాస్త సాగుతాయి, చోటు లేకపోతే మధ్యలో లేస్తాయి. ఆ సందు స్కర్టింగ్ కింద కనిపించదు.