గృహ నెట్‌వర్కులో ఫైళ్ళు, ప్రింటరు పంచుకోవడం

ఒకే ఇంటిలో ఉన్న రెండు లేదా అంతకంటే ఎక్కువ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఒకదానిలోని ఫైళ్ళను మరొకదాని నుండి తెరవడానికి, ఒకదానికి తగిలించిన ప్రింటరుపై మరొకదాని నుండి ముద్రించడానికి వీలు కల్పించే అమరికను గృహ నెట్‌వర్కు అంటారు. స్థానిక నెట్‌వర్కులలో ఇది అతి చిన్న రూపం. ఇది ఇంటి గోడల లోపలే పూర్తయ్యే వ్యవస్థ; పనిచేయడానికి దీనికి అంతర్జాలంతో అవసరం లేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన రెండు విధాలైన నష్టం కలుగుతుంది. అంతర్జాలం తెగిపోయినపుడు ఇంటిలోని కంప్యూటర్ల మధ్య దారి కూడా మూసుకుపోయిందని అనుకోవడం మొదటిది. ఇంటివారి కోసం తెరిచిన తలుపు బయటివారికి కూడా తెరుచుకొని ఉన్నదేమో గమనించకపోవడం రెండవది.

అవసరం

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కి.మీ. దూరంలో, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసేచోట ఉన్న పట్టణం భీమునిపట్నం. ఈ పట్టణంలో రెండు అంతస్తుల ఇల్లు ఒకటి ఉన్నదని అనుకొందాం. ముందు గదిలో ఒక కంప్యూటరు, దానికి యు.ఎస్.బి. తీగతో తగిలించిన ప్రింటరు ఉన్నాయి. మేడమీద గదిలో చదువుకొనే విద్యార్థి వద్ద ఒక ల్యాప్‌టాప్ ఉన్నది. నెట్‌వర్కు లేకపోతే విద్యార్థి తన వ్యాసాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కిందికి తెచ్చి, అక్కడి కంప్యూటరులో తెరిచి ముద్రించుకోవలసి ఉంటుంది.

ఈ పద్ధతిలో మూడు లోపాలు ఉన్నాయి. ఒకే ఫైలుకు రెండు మూడు ప్రతులు ఏర్పడి, వాటిలో ఏది తాజాదో తెలియకుండా పోతుంది. ఇంటర్నెట్ కేంద్రాల వంటి చోట్ల వాడిన పెన్‌డ్రైవు ద్వారా వైరస్‌లు ఇంటిలోకి వస్తాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్ల కంటే పెద్దదైన ఒకే ఫైలు పట్టదు. నెట్‌వర్కు ఉంటే ఫైలు ఒకేచోట ఉంటుంది. రెండు కంప్యూటర్ల నుండి దానినే తెరవవచ్చు.

చరిత్ర

ప్రింటరును పంచుకోవాలనే అవసరం స్థానిక నెట్‌వర్కుల పుట్టుకతోనే ముడిపడి ఉన్నది. అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్, అతని సహచరులు ఈథర్‌నెట్‌ను రూపొందించారు. అక్కడి ఆల్టో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, ఆ కేంద్రంలోనే తయారైన లేజర్ ప్రింటరును వాటన్నింటికీ అందుబాటులోకి తేవడం దాని ప్రయోజనాలు.

ఫైళ్ళను పంచుకొనే పద్ధతులలో విస్తృతంగా వాడుకలో ఉన్న సర్వర్ మెసేజ్ బ్లాక్ అనే నియమావళిని 1980ల తొలి సంవత్సరాలలో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. దీనిని సంక్షిప్తంగా ఎస్.ఎం.బి. అంటారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో విడుదల చేసిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో, ప్రత్యేక సర్వరు లేకుండానే సాధారణ కంప్యూటర్లు ఫైళ్ళను, ప్రింటర్లను పంచుకొనే వీలు కలిగింది. అదే కాలంలో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వలన లినక్స్, యునిక్స్ కంప్యూటర్లు కూడా విండోస్ కంప్యూటర్లతో ఫైళ్ళను పంచుకోగలుగుతున్నాయి.

విండోస్ 7తో 2009లో హోమ్‌గ్రూప్ అనే సులభ పద్ధతి వచ్చింది. దీనిని 2018లో విండోస్ 10 నుండి తొలగించారు. కాబట్టి పాత పుస్తకాలలో హోమ్‌గ్రూప్ గురించి ఉన్న సూచనలు కొత్త కంప్యూటర్లకు వర్తించవు.

కలిపే విధానాలు

రెండు కంప్యూటర్లను మూడు విధాలుగా కలపవచ్చు.

* నేరుగా తీగతో: రెండు కంప్యూటర్లలోని ఈథర్‌నెట్ పోర్టులను ఒకే తీగతో కలపడం. ఒక కంప్యూటరు పంపే జత రెండవదానిలో అందుకొనే జతకు చేరాలి. అందుకోసం పాత కంప్యూటర్లకు క్రాస్ఓవర్ తీగ అవసరమయ్యేది. దానిలో 1, 2 స్థానాలలోని తీగలు రెండవ కొన వద్ద 3, 6 స్థానాలకు మారుతాయి. గిగాబిట్ పోర్టులు ఈ మార్పును తామే చేసుకొంటాయి కనుక వాటికి మామూలు తీగ సరిపోతుంది.
* రౌటరు లేదా స్విచ్చి ద్వారా తీగలతో: రెండు కంప్యూటర్లను అంతర్జాల సంస్థ అమర్చిన పెట్టెలోని లాన్ పోర్టులకు తగిలించడం. ఒక్కొక్క తీగ పొడవు 100 మీటర్లు దాటరాదు.
* వై-ఫై ద్వారా: తీగలు అవసరం లేదు, కానీ గోడలు, స్లాబులు అడ్డు వచ్చినకొద్దీ వేగం తగ్గుతుంది.

సెకనుకు 100 మెగాబిట్ల తీగ మీదుగా గరిష్ఠంగా సెకనుకు 12.5 మెగాబైట్లు ప్రవహిస్తాయి. అంటే ఒక సీడీలో పట్టే 700 మెగాబైట్ల సమాచారం కదలడానికి కనీసం 56 సెకన్లు పడుతుంది. గిగాబిట్ తీగ మీదుగా ఇదే పని ఆరు సెకన్లలోపు పూర్తి కావచ్చు. ఆచరణలో డిస్కు వేగాన్ని బట్టి ఇంతకంటే కొంత ఎక్కువ సమయం పడుతుంది. ఈ వేగానికి, ఇంటికి వచ్చే అంతర్జాల కనెక్షను వేగానికి సంబంధం లేదు.

చిరునామాలు

నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరుకు ఒక ఐ.పి. చిరునామా ఉంటుంది. ఇళ్ళు, కార్యాలయాలలో అంతర్గతంగా వాడుకోవడానికి 10తో మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి అనే మూడు శ్రేణులను 1996లో ప్రత్యేకించారు. ఇవి బహిరంగ అంతర్జాలంలో చెల్లవు. ఒకే 192.168.1.5 అనే చిరునామా ఒకే సమయంలో భీమునిపట్నంలోని ఒక ఇంటిలోనూ, విజయనగరంలోని మరొక ఇంటిలోనూ ఉండవచ్చు. ఒక వీధిలోని మూడవ ఇల్లు, మరొక వీధిలోని మూడవ ఇల్లు వేరువేరు అయినట్లే ఇవి కూడా వేరువేరు.

ఈ చిరునామాలను సాధారణంగా రౌటరు పంచిపెడుతుంది. రౌటరు లేకుండా నేరుగా కలిపినపుడు కంప్యూటర్లు 169.254తో మొదలయ్యే చిరునామాను తమకు తామే ఇచ్చుకొంటాయి. రౌటరు ఉన్నా ఇటువంటి చిరునామా కనిపిస్తే, ఆ కంప్యూటరుకు రౌటరు నుండి సమాధానం రాలేదని అర్థం.

ఫైళ్ళను పంచుకోవడం

ఫైళ్ళు ఉన్న కంప్యూటరును ఆతిథేయి అని, వాటిని కోరే కంప్యూటరును అతిథి అని అనుకోవచ్చు. విండోస్ 10, విండోస్ 11లలో ఏర్పాటు ఈ క్రమంలో జరుగుతుంది.

1. రెండు కంప్యూటర్లను ఒకే రౌటరుకు కలపాలి.
2. రెండింటిలోనూ నెట్‌వర్కు రకాన్ని ప్రైవేట్‌గా ఎంచుకోవాలి. పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ బయటి అభ్యర్థనలను అడ్డుకొంటుంది.
3. ఆతిథేయిలో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆన్ చేయాలి.
4. ఆతిథేయిలో ఒక వాడుకరి ఖాతాను, దానికి సంకేతపదాన్ని సృష్టించాలి.
5. పంచుకోదలచిన ఫోల్డరు యొక్క ప్రాపర్టీస్‌లో షేరింగ్ విభాగానికి వెళ్ళి, ఆ వాడుకరిని చేర్చి, చదవడానికి మాత్రమేనా, మార్చడానికి కూడానా అన్నది నిర్ణయించాలి.
6. అతిథి కంప్యూటరులో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో \\192.168.1.5 వలె ఆతిథేయి చిరునామాను రాసి, వాడుకరి పేరు, సంకేతపదం ఇవ్వాలి.

ఇక్కడ అడిగేది ఖాతా సంకేతపదం. కంప్యూటరు తెరిచేటపుడు వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు. ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు వద్దనే.

ఫోల్డరుకు రెండు అంచెల అనుమతులు ఉంటాయి. నెట్‌వర్కు ద్వారా వచ్చేవారికి ఇచ్చేవి షేరింగ్ అనుమతులు. డిస్కులోని ఫైళ్ళకే ఉండేవి సెక్యూరిటీ అనుమతులు. రెండింటిలో ఏది కఠినమైతే అదే అమలవుతుంది. డిస్కు మొత్తాన్ని పంచుకోవడం కంటే, పంచుకోవలసినవాటిని ఒక ఫోల్డరులో ఉంచి దానిని మాత్రమే తెరవడం మంచిది.

ప్రింటరును పంచుకోవడం

ఆతిథేయిలో ప్రింటరు ప్రాపర్టీస్‌లోని షేరింగ్ విభాగంలో అనుమతి ఇస్తే, పై చిరునామా వద్దనే ఫోల్డర్లతో పాటు ప్రింటరు కూడా కనిపిస్తుంది. అతిథి కంప్యూటరులో ఆ ప్రింటరుకు తగిన డ్రైవరు ఉండాలి. ముద్రించమని పంపిన పుటలు ముందుగా ఆతిథేయిలోని స్పూలర్ అనే వరుసలో చేరి, ఒకదాని తరువాత ఒకటి ప్రింటరుకు వెళ్తాయి. అందువలన ఆతిథేయి ఆపివేసి ఉన్నా, నిద్రావస్థలో ఉన్నా మేడమీది నుండి ముద్రించడం సాధ్యం కాదు. ప్రింటరుకే వై-ఫై లేదా ఈథర్‌నెట్ సదుపాయం ఉంటే దానిని రౌటరుకు కలపవచ్చు. అప్పుడు ఏ కంప్యూటరు మీదా ఆధారపడనక్కరలేదు.

లినక్స్, మాక్ కంప్యూటర్లలో ఈ పనిని కప్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్వహిస్తుంది.

తెలుగు ఫైళ్ళు, ఖతులు

తెలుగు పత్రాలను పంచుకొనేటపుడు ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. డీటీపీ కేంద్రాలలో వాడుకలో ఉన్న అను వంటి ఖతులు యూనీకోడ్‌ను అనుసరించినవి కావు. వాటిలో ఆంగ్ల అక్షరాలు, గుర్తుల స్థానాలలో తెలుగు లిపి ముక్కలను అమర్చారు. ఆ ఖతి లేని కంప్యూటరులో ఫైలును తెరిస్తే అర్థంలేని అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, నెట్‌వర్కులోనూ లోపం లేదు. రెండవ కంప్యూటరులో ఆ ఖతి లేకపోవడమే కారణం.

యూనీకోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉన్నది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, ఉచితంగా లభించే పోతన2000, వేమన2000 వంటివి యూనీకోడ్ ఖతులు. ఒక ఖతితో రాసిన పత్రం మరొక ఖతితో తెరుచుకొంటుంది. రూపం మారుతుంది తప్ప పాఠం మారదు. ఫైలు పేరును కూడా తెలుగులో పెట్టుకోవచ్చు.

పాత ఖతులతో ఉన్న పత్రానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, ఖతిని అందులోనే ఇమిడ్చి పీడీఎఫ్‌గా మార్చి పంచుకోవడం. రెండవది, ఖతి ఉన్న కంప్యూటరులోనే ఫైలును తెరిచి, అక్కడి నుండి పంచుకొన్న ప్రింటరుకు పంపడం. విస్టా తరువాతి విండోస్ కూర్పులలో సాధారణంగా పుట రూపం పంపే కంప్యూటరులోనే తయారవుతుంది కనుక, ప్రింటరు తగిలించిన కంప్యూటరులో ఆ ఖతి లేకపోయినా ముద్రణ సరిగా వస్తుంది.

అంతర్జాలం లేనపుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కి.మీ. వేగంతో వీచే గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. విశాఖ ప్రాంతంలో విద్యుత్తు, టెలిఫోను, అంతర్జాల సేవలు పలుచోట్ల రోజుల తరబడి స్తంభించాయి. ఇటువంటి సమయంలో దూరాన ఉన్న సర్వర్లలో దాచిన ఫైళ్ళు అందవు. ఇంటిలోని కంప్యూటరులో ఉన్న ఫైళ్ళు మాత్రం, యు.పి.ఎస్. లేదా ఇన్వర్టరు ద్వారా కంప్యూటర్లకు, రౌటరుకు విద్యుత్తు అందుతున్నంతసేపు రెండవ కంప్యూటరుకు అందుతూనే ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశాడు. దీని తీగలను చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగా వేశారు. ఫైబరు కనెక్షనుతో ఇంటికి వచ్చే పెట్టెలో సాధారణంగా లాన్ పోర్టులు ఉంటాయి. స్తంభం కూలి బయటి తీగ తెగినా, ఈ పెట్టె ఇంటి లోపలి కంప్యూటర్ల మధ్య స్విచ్చిగా పనిచేస్తూనే ఉంటుంది.

అయితే రెండు కంప్యూటర్లూ ఒకే ఇంటిలో ఉంటాయి కనుక, వరద నీరు వస్తే రెండూ కలిసే పాడవుతాయి. పంచుకోవడం వేరు, భద్రపరచడం వేరు. ముఖ్యమైన ఫైళ్ళకు ఇంటికి వెలుపల మరొక ప్రతి ఉండాలి.

భద్రత

2017 మే 12న వాన్నాక్రై అనే హానికర సాఫ్ట్‌వేరు ప్రపంచవ్యాప్తంగా వ్యాపించి, సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఇది వ్యాపించిన దారి ఫైళ్ళను పంచుకొనే ఎస్.ఎం.బి. మొదటి కూర్పులోని లోపమే. వాడుకరి ఏ ఫైలునూ తెరవకుండానే, 445వ పోర్టు ద్వారా ఒక కంప్యూటరు నుండి పక్క కంప్యూటరుకు ఇది పాకింది.

ఆ లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే సుమారు రెండు నెలల ముందే విడుదల చేసింది. నష్టపోయినవి ప్రధానంగా ఆ నవీకరణ లేని కంప్యూటర్లు. 2017 చివరి నుండి విండోస్ 10 కొత్త కూర్పులలో ఎస్.ఎం.బి. మొదటి కూర్పును అప్రమేయంగా ఉంచడం మానేశారు. 2021లో ప్రింట్ స్పూలర్‌లో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం తరువాత, పంచుకొన్న ప్రింటరుకు డ్రైవరు స్థాపించడానికి నిర్వాహకుని అనుమతి తప్పనిసరి అయ్యింది.

దీనిని బట్టి ఇంటిలో పాటించవలసిన జాగ్రత్తలు:

* రౌటరులో 445వ పోర్టును అంతర్జాలం వైపు ఎన్నడూ తెరవరాదు.
* వై-ఫైకి బలమైన సంకేతపదం ఉండాలి. అతిథులకు వేరుగా గెస్ట్ నెట్‌వర్కు ఇవ్వడం మేలు.
* ల్యాప్‌టాప్‌ను బయట వై-ఫైకి కలిపేటపుడు నెట్‌వర్కు రకాన్ని పబ్లిక్‌గా ఎంచుకోవాలి.
* పాత కంప్యూటరు కోసం ఎస్.ఎం.బి. మొదటి కూర్పును తిరిగి ఆన్ చేయరాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోనూ సాధారణ మద్దతు ముగిసింది.
* మార్చవలసిన అవసరం లేని ఫోల్డర్లకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి. అతిథి కంప్యూటరుకు వైరస్ సోకినా ఆ అనుమతితో ఆతిథేయిలోని ఫైళ్ళకు తాళం వేయలేదు.

సాధారణ సమస్యలు

* రెండవ కంప్యూటరు కనిపించకపోవడం: పేరుకు బదులు ఐ.పి. చిరునామాతో ప్రయత్నించాలి. ఒకటి గెస్ట్ నెట్‌వర్కులో ఉంటే అవి సాధారణంగా ఒకదానికొకటి కనిపించవు.
* నిన్న పనిచేసిన చిరునామా నేడు పనిచేయకపోవడం: రౌటరు కొత్త చిరునామా ఇచ్చి ఉండవచ్చు. రౌటరు అమరికలలో ఆతిథేయికి స్థిరమైన చిరునామా కేటాయించాలి.
* తీగ ఉన్నా అనుసంధానం తెగిపోతూ ఉండడం: సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన కనెక్టర్ల లోహపు అంచులు పాడవుతాయి. తీగను మార్చి చూడాలి.
* ప్రింటరులో కాగితాలు ఇరుక్కోవడం: తేమ పీల్చిన కాగితం ఒకదానికొకటి అంటుకొంటుంది. కాగితాల కట్టను మూసి ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* ఈథర్‌నెట్
* యూనీకోడ్
* లినక్స్
* హుద్‌హుద్ తుఫాను
* భీమునిపట్నం