నలుగురికి పంచు ప్రోగ్రాము

తన యవసరమునకై ప్రోగ్రామొకటి వ్రాసికొనువాడు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని ఫోల్డర్లకు పేర్లు పెట్టుకొనుచు కొంతకాలము ఎట్లో నెట్టుకొని రాగలడు గాని, దానిని నలుగురి చేతులలో పెట్టదలచిన నాడు, ఏ వరుసను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిరో చెప్పగల వెర్షన్ కంట్రోల్ సాధనము అనివార్యమగును.

సబ్‌వర్షన్ వంటి వెనుకటితరము సాధనములలో చరిత్ర యంతయు సర్వరునందే యుండును; పనివాని కంప్యూటరులో నుండునది వర్తమానపు ప్రతి మాత్రమే. 2005లో లైనక్స్ కెర్నెల్ రచయితలు వాడుచుండిన బిట్‌కీపర్ ఉచితానుమతి తొలగిపోగా, లైనస్ టోర్వాల్డ్స్ ఆ యేప్రిలులో తానే గిట్‌ను నిర్మింపబూనెను. ఆ నెలలోనే మెర్క్యూరియల్ కూడ వెలువడెను. ఈ రెండింటను క్లోను చేసికొన్న ప్రతివాని యొద్దను సమగ్ర చరిత్ర యుండును గనుక, గూగుల్ కోడ్ 2016లో మూతపడినట్లు, బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్‌ను విడనాడినట్లు, ఆశ్రయమిచ్చిన చోటు చేయి విడిచినను కోడునకు హాని లేదు. ఐతే దాని చుట్టు సాగిన బగ్గుల చర్చలకు ఆ రక్ష లేదు. ఈ లోటును తీర్చునది, ఎస్‌క్యూఎల్‌లైట్ కర్తయగు రిచర్డ్ హిప్ రచించిన ఫాసిల్: కోడు చరిత్ర, బగ్గుల టికెట్లు, వికీ, అన్నియు ఒక్క డేటాబేస్ ఫైలులో నిముడును. అందము మాట వచ్చినచో నా యోటు దీనికే. కాని పంచుకొనుట యనగా ఎదుటివాని అలవాటును మన్నించుట కూడ. సాయపడవచ్చువారిలో పదుగురికి గిట్ వచ్చును, ఫాసిల్ పేరు విన్నవారే అరుదు. కావున ఆదేశములు మొదట కొరకరాని కొయ్యలుగా దోచినను, గిట్‌నే ఎన్నుకొనుట మేలు.

సమగ్ర చరిత్ర యన్నది వరమే కాదు. ఎన్నడో కోడులో వ్రాసి మరచిన పాస్‌వర్డును తరువాతి కమిట్‌లో తుడిచివేసినను, పూర్వపు కమిట్‌లో నది పదిలముగా నుండనే యుండును. క్లోను చేసికొన్నవా డెవ్వడైనను దానిని వెలికి దీయవచ్చును. కావున కోడును బహిరంగపరచుటకు ముందు ఆ పాస్‌వర్డును మార్చితీరవలెను.

తెలుగున ఫైళ్ళకు పేర్లు పెట్టువారికి మరియొక విచిత్రము ఎదురగును. ‘పద్యాలు’ అను ఫైలును గిట్ స్టేటస్ \340\260\252 అని మొదలగు అంకెల బారుగా చూపును. ఫైలు చెడినదని కంగారు వలదు. ‘ప’ అక్షరమునకు గల మూడు బైట్లే యవి. ‘కోర్.కోట్‌పాత్’ అను అమరికను ‘ఫాల్స్’ చేసినచో పేరు తెలుగుననే కనబడును.