యాప్‌కి 100 డాలర్లు ఇస్తామన్నా ఆ ఫోన్లు ఎందుకు నిలబడలేదు?

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ అన్నీ చూస్తాం. కానీ రోజూ వాడే యాప్ అందులో లేకపోతే ఆ ఫోన్ ఎంత బాగున్నా దండగే. ఈ సంగతి కంపెనీలకి మనకంటే ముందే తెలుసు. అందుకే డెవలపర్లను రప్పించడానికి డబ్బు కుమ్మరించాయి. అందులో ఏది పనిచేసింది, ఏది బూడిదలో పోసిన పన్నీరైందో చూస్తే భలే తమాషాగా ఉంటుంది.

ముందు గూగుల్. 2007 నవంబర్‌లో ఆండ్రాయిడ్ ప్రకటించిన వారానికే కోటి డాలర్లతో 'ఆండ్రాయిడ్ డెవలపర్ ఛాలెంజ్' పెట్టింది. అప్పటికి షాపుల్లో ఒక్క ఆండ్రాయిడ్ ఫోన్ కూడా లేదు, యాప్‌ని ఎమ్యులేటర్‌లో చూసుకోవాల్సిందే! అయినా 1,788 ఎంట్రీలొచ్చాయి. నాకు నచ్చింది డబ్బు పంచిన పద్ధతి. మొదట 50 యాప్‌లకి తలా 25,000 డాలర్లు ఇచ్చి, వాటిని ఇంకా మెరుగుపరచమన్నారు. ఆ తర్వాత మళ్లీ వడపోసి పదింటికి 2,75,000 చొప్పున, ఇంకో పదింటికి లక్ష చొప్పున ఇచ్చారు. అంటే మొదటి చెక్కు తీసుకుని పని ఆపేస్తే పెద్ద చెక్కు రాదు. పెద్ద బహుమతి అందుకున్న వాటిలో లైఫ్360 ఒకటి. కుటుంబ సభ్యులు ఎక్కడున్నారో చూపించే ఆ యాప్ ఇప్పటికీ నడుస్తోంది, కంపెనీ నాస్‌డాక్‌లో కూడా లిస్టయింది.

బ్లాక్‌బెర్రీ దీనికి పూర్తిగా రివర్స్. బీబీ10 ఫోన్లు రాకముందు, 2013 జనవరిలో, తెచ్చిన ప్రతి యాప్‌కీ 100 డాలర్లు అంది. ఆండ్రాయిడ్ యాప్‌ని కాస్త సర్ది మళ్లీ ప్యాక్ చేసినా చాలు. ముప్పై ఏడున్నర గంటల్లో 15,000 యాప్‌లు! లెక్క చూస్తే అదిరిపోయింది. కానీ అదే ఏడాది ఆగస్టులో బయటపడిన విషయం ఏంటంటే, స్టోర్‌లో ఉన్న 1,20,000 యాప్‌లలో దాదాపు 47,000 ఒక్క హాంకాంగ్ కంపెనీవే. జనం అడిగిన ఇన్‌స్టాగ్రామ్, నెట్‌ఫ్లిక్స్ మాత్రం రాలేదు.

నిజానికి బ్లాక్‌బెర్రీ దగ్గర ఇంకో మంచి స్కీమ్ ఉండేది. నాణ్యత పరీక్ష పాసైన యాప్ ఏడాదిలో సొంతంగా 1,000 డాలర్లు సంపాదిస్తే, మిగతాది తనే కలిపి 10,000 చేస్తానంది. ఐడియా బాగుంది. కానీ ఆ 1,000 రావాలంటే కొనేవాళ్లు ఉండాలి కదా!

మైక్రోసాఫ్ట్ కూడా 2013లో ఇదే దారి పట్టింది. అమెరికా డెవలపర్లకి యాప్‌కి 100 డాలర్లు, విండోస్ స్టోర్‌కి పది, విండోస్ ఫోన్ స్టోర్‌కి పది యాప్‌ల వరకు. సరదాకి యాప్ చేసేవాడికి అది పాకెట్ మనీ. పెద్ద కంపెనీకి ఏ మూలకి? ఇన్‌స్టాగ్రామ్ ఆ ఏడాది నవంబర్‌లో బీటాగా వచ్చింది, స్నాప్‌చాట్ అసలు రానేలేదు.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లను నిషేధించాక, జులై 4న కేంద్రం ఆత్మనిర్భర్ భారత్ యాప్ ఛాలెంజ్ పెట్టింది. 6,940 ఎంట్రీలొస్తే 24 యాప్‌లు గెలిచాయి. మొదటి బహుమతి 20 లక్షలు. గెలిచిన వాటిలో 'కూ' కూడా ఉంది. తెలుగులోనూ పోస్టులు పెట్టుకోగలిగిన ఆ యాప్ 2024లో మూతపడింది. బహుమతి పేరు తెస్తుంది, ఏళ్ల తరబడి సర్వర్ బిల్లులు కట్టదు.

అందుకే నా లెక్కలో అసలైన ప్రోత్సాహం కమీషన్ తగ్గించడమే. 2021లో ఆపిల్, గూగుల్ రెండూ చిన్న డెవలపర్ల దగ్గర 30 శాతం బదులు 15 శాతమే తీసుకోవడం మొదలుపెట్టాయి. ఆపిల్‌లో ఏడాది ఆదాయం పది లక్షల డాలర్లు దాటనివాళ్లకి, గూగుల్‌లో అందరికీ మొదటి పది లక్షల వరకు. 100 రూపాయల సబ్‌స్క్రిప్షన్‌లో పన్నులు పక్కనపెడితే మొదటి ఏడాది 70 వచ్చేచోట 85 వచ్చాయి. అదీ నెలనెలా. అప్‌డేట్ ఇవ్వడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

మీలో యాప్ చేస్తున్నవాళ్లుంటే ఇంకో మాట. ప్లే స్టోర్‌లో అకౌంట్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, కానీ కొత్త పర్సనల్ అకౌంట్ అయితే 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు ఉండాలి. ఆ లిస్టుని అమ్మానాన్నల ఫోన్లతో, బాబాయి ఫోన్‌తో నింపేయొచ్చు. బగ్ ఉందని చెప్పేవాళ్లు మాత్రం అందులో ఎంతమంది ఉంటారో చూసుకోండి.