మరకతం: పేరు, రాయి, పుట్టుక

బాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ ఆలయంలో కొలువై ఉన్న బుద్ధ ప్రతిమను లోకం ‘మరకత బుద్ధుడు’ అని వ్యవహరిస్తుంది. సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తు గల ఆ ప్రతిమ పచ్చని శిలలో మలచినది. నాగసేన స్థవిరుడు దానిని పాటలిపుత్రంలో చేయించాడని ఐతిహ్యం. ప్రతిమ చారిత్రక వృత్తాంతం మాత్రం 15వ శతాబ్దంలో, ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ రాయ్‌లో మొదలవుతుంది. అయితే ఆ శిల మరకతం కాదనీ, జేడ్ లేదా జాస్పర్ జాతి రాయి అనీ పండితుల అభిప్రాయం. థాయి భాషలోని ‘మొరకోత్’ సంస్కృత ‘మరకత’ శబ్దానికి రూపాంతరం. ఇక్కడ ఆ శబ్దం వర్ణాన్ని తెలుపుతున్నదే గాని ఖనిజాన్ని తెలుపడం లేదు.

ఇందువల్ల ప్రతిమ పావిత్ర్యానికి లోటేమీ లేదు. కాని బౌద్ధ గ్రంథాలను చదివేవారికీ, స్తూప నిక్షేపాలలోని మణులకు పట్టికలు వ్రాసేవారికీ ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. గ్రంథంలో కనిపించే ‘మరకతం’ అనే పేరు, చేతిలో ఉన్న పచ్చని రాయి, ఆ రాయి పుట్టిన గని అనే మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన సమాధానంతో తక్కిన రెండింటినీ పూరించరాదు.

రాయి

ఖనిజశాస్త్ర పరిభాషలో మరకతం బెరిల్ అనే ఖనిజంలో ఒక భేదం. బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ దాని ఘటక ద్రవ్యాలు. శుద్ధమైన బెరిల్‌కు రంగు లేదు. అత్యల్ప పరిమాణంలో క్రోమియం గాని వనేడియం గాని చేరినప్పుడు గాఢమైన ఆకుపచ్చ వర్ణం కలుగుతుంది. బెరీలియం సాధారణంగా గ్రానైటు సంబంధమైన శిలలలోనూ, క్రోమియం భూగర్భపు లోతుల నుండి వచ్చిన నల్లని శిలలలోనూ ఉంటాయి. ఈ రెండూ ఒకచోట కలియడం అరుదు కనుకనే మరకతం అరుదు. దాని కాఠిన్యం మోస్ మానంపై 7.5 నుండి 8 వరకు ఉంటుంది. అయినా లోపల పగుళ్లు, ఇతర ఖనిజాల రేణువులు విస్తారంగా ఉండటం వల్ల అది సులభంగా బీటలు వారుతుంది. జాతిపచ్చలో మచ్చ లేకపోవడమే అనుమానాస్పదమని వర్తకులు చెప్పడం ఇందుకే.

పేరు

‘మరకత’ శబ్దం సంస్కృతంలోనికి బయటి నుండి వచ్చినదని భాషావేత్తలు భావిస్తారు. గ్రీకులోని ‘స్మరాగ్డోస్’, మెరుపును సూచించే సెమిటిక్ ధాతువు నుండి పుట్టిన హీబ్రూ ‘బారెకెత్’ దీనికి బంధువులు. వర్తకులతో రాయి ప్రయాణించినట్లే పేరూ ప్రయాణించింది. బౌద్ధుడని ప్రసిద్ధి గల అమరసింహుడు తన కోశంలో ఈ రత్నానికి మరకతం, గారుత్మతం, హరిన్మణి, అశ్మగర్భం అనే పర్యాయాలను ఇచ్చాడు. వీటిలో అశ్మగర్భం మహాయాన గ్రంథాల సప్తరత్నాలలోనూ కనిపిస్తుంది. అక్కడ దానిని మరకతంగా గ్రహించినవారు ఉన్నారు. చీనా అనువాదకులు అదే పదాన్ని అగేట్ అనే అర్థంలో అనువదించిన సందర్భాలూ ఉన్నాయి.

పాళీ గ్రంథాల సాక్ష్యం ఇంకొక విధంగా ఉన్నది. మహాసముద్రంలోని రత్నాలను ధర్మంలోని అంగాలతో పోల్చే ఉదానంలో ముత్యం, మణి, వేళురియం, శంఖం, శిల, పగడం మొదలైన పేర్లు వస్తాయి. మరకతం ఆ పట్టికలో లేదు. అయినా మరకతానికి అత్యంత సన్నిహితమైన ఖనిజం ఆ పట్టికలోనే ఉన్నది. అది వేళురియం. ప్రాచీన కాలంలో వేళురియమంటే దక్షిణ భారతంలో, ముఖ్యంగా నేటి తమిళనాడులోని కొంగునాడులో, దొరికే బెరిల్ అని పరిశోధకుల నిర్ణయం. ఈ శబ్దపు ప్రాకృత రూపమే గ్రీకులో ‘బెరిల్లోస్’ అయినది. బెరిల్, మరకతం ఒకే స్వభావం గలవని కొందరు తలచేవారని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే ప్లినీ వ్రాశాడు. 1798లో ఫ్రెంచి రసాయనవేత్త వోకెలాఁ ఆ రెండింటిలోనూ ఒకే నూతన మూలకపు ఆక్సైడును కనుగొన్నాడు. ఆ మూలకానికి తరువాత స్థిరపడిన బెరీలియం అనే పేరులో పాళీ వేళురియం నేటికీ వినిపిస్తున్నది.

వేళురియం కూడా ఒకే అర్థంలో నిలిచిపోలేదు. సంస్కృత వైడూర్యం క్రమంగా పిల్లికన్ను రాయికి పేరయింది. తెలుగువారి నవరత్నాలలోని వైడూర్యం అదే. టిబెట్టులో భైషజ్యగురువు వైడూర్యకాంతిని లాజవర్దపు నీలంగా భావించి చిత్రించారు. కాబట్టి ఏ గ్రంథంలోనైనా రత్ననామం ఎదురైనప్పుడు అది ఏ దేశంలో, ఏ కాలంలో, ఏ భాషలో వ్రాసినదో చూచిన పిమ్మటే అర్థనిర్ణయం చేయవలసి ఉన్నది.

ఐతిహ్యం

మరకతోత్పత్తి కథను బౌద్ధుడైన బుద్ధభట్టుని ‘రత్నపరీక్ష’, దానితో పోలిక గల గరుడ పురాణ భాగం చెబుతాయి. బలుడనే అసురుని శరీరం నుండి సకల రత్నాలూ పుట్టాయి. అతని పిత్తాన్ని వాసుకి తీసుకొని పోతుండగా గరుత్మంతుడు అడ్డగించాడు. అప్పుడు నేలపై పడిన పిత్తమే మరకతాకరమైనది. గారుత్మతమనే పేరుకూ, ఈ మణి విషాన్ని హరిస్తుందనే నమ్మకానికీ ఈ కథే మూలం. పిత్తం పడిన నేల సముద్రతీరానికి చేరువలోనిదని గరుడ పురాణం వర్ణిస్తుంది. ఆ వర్ణనలో ఎర్రసముద్ర తీరపు గనుల జ్ఞాపకాన్ని చూడవచ్చు.

జ్యోతిష సంప్రదాయం మరకతాన్ని బుధ గ్రహానికి కేటాయించింది. బుధుడు వేరు, బుద్ధుడు వేరు. పేర్ల పోలికను బట్టి ఈ రత్నాన్ని బుద్ధ భగవానునితో ముడిపెట్టడానికి ఆధారం లేదు. మే మాసపు జన్మరత్నమనే ప్రసిద్ధి మరింత ఆధునికం. నేడు వ్యాప్తిలో ఉన్న జన్మరత్నాల పట్టికకు మూలం 1912లో అమెరికా ఆభరణ వర్తకుల సంఘం ప్రకటించిన జాబితా.

పుట్టుక

ప్లినీ స్మరాగ్డస్‌లో 12 రకాలను పేర్కొని, సిథియా, బాక్ట్రియా, ఈజిప్టు దేశాల రాళ్లు శ్రేష్ఠమన్నాడు. ఈజిప్టు గనులు తూర్పు ఎడారిలోని సికైత్, జబారా ప్రాంతాలలో ఉన్నాయి. వాటికి ఆగ్నేయంగా ఎర్రసముద్రంపై బెరెనికే రేవు ఉండేది. భారతదేశపు మిరియాలు అక్కడ దిగేవి. ఆ రేవులోని ఐసిస్ ఆలయ ప్రాంగణంలో 2022లో సుమారు 71 సెంటీమీటర్ల బుద్ధ ప్రతిమ బయటపడింది. మరకతపు గనులకు చేరువలోని ఓడరేవులో బుద్ధుని ఆరాధించినవారు ఉన్నారనడానికి అది ప్రత్యక్ష సాక్ష్యం. క్రీ.శ. 6వ శతాబ్దంలో కోస్మస్ అనే క్రైస్తవ యాత్రికుడు, ఇథియోపియా వర్తకులు మరకతాలను భారతదేశానికి తెచ్చి అమ్మేవారనీ, హూణుల రాజుకు అవి ప్రీతిపాత్రమనీ వ్రాశాడు.

రెండవ మూలం ఉడ్డియానం, అనగా నేటి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ. బుత్కర స్తూపానికి నెలవైన మింగోరా పట్టణ పరిసరాలలోనే మరకతపు గని ఉన్నది. అది 1958లో వెలుగులోనికి వచ్చింది. కాని 2000లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం ఈ కాలగణనను మార్చివేసింది. మరకతంలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి గనిని బట్టి మారుతుంది. ఆ నిష్పత్తిని కొలిచి చూడగా, గాలో-రోమన్ కాలపు కర్ణాభరణంలోని రాయి స్వాత్ ప్రాంతానిదని తేలింది. అనగా 20వ శతాబ్దంలో ‘కనుగొన్న’ గని ప్రాచీనులకు తెలిసినదే.

16వ శతాబ్దంలో స్పానియార్డులు కొలంబియా గనులను చేజిక్కించుకున్న తరువాత వ్యాపారగతి మారింది. ముజో, చివోర్ మరకతాలు ఐరోపా మీదుగానే గాక, ఫిలిప్పీన్స్ మీదుగా కూడా భారతదేశానికి చేరాయి. పై అధ్యయనంలో హైదరాబాదు నిజాముల ఖజానాకు చెందిన రాళ్లు కూడా ఉన్నాయి. 18వ శతాబ్దంలో భారతదేశంలో సానపట్టిన మేలిమి మరకతాలలో అధికభాగం కొలంబియావేనని అది నిర్ధారించింది. రాజస్థాన్ గనులు 1943లో మాత్రమే బయటపడ్డాయి. కావున ప్రాచీన నిక్షేపంలో నిజమైన మరకతం లభిస్తే, అది దూరదేశ వాణిజ్యానికి ముఖ్య సాక్ష్యం కాగలదు.

భిక్షువు, పరిశోధకుడు

బౌద్ధ సంప్రదాయం రత్నాల పట్ల రెండు వైఖరులను చూపింది. బ్రహ్మజాల సుత్తం మణిలక్షణాలను బట్టి ఫలం చెప్పడాన్ని హీనవిద్యల కోవలో చేర్చింది. ఆరామంలోనో బస చేసిన చోటనో పడి ఉన్న రత్నాన్ని యజమాని కొరకు భద్రపరచడానికి తప్ప, భిక్షువు దానిని చేతితో ముట్టరాదని వినయ నియమం. మరొక ప్రక్క ఉపాసకులు ధాతువులతో పాటు తమకున్న విలువైన వస్తువులను స్తూపగర్భంలో సమర్పించారు. 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన భట్టిప్రోలు స్తూపంలో స్ఫటిక కరండంతో పాటు బంగారు పువ్వులు, పూసలు లభించాయి. ఆ దాతలకు అవి పెట్టుబడులు గావు, గ్రహశాంతి సాధనాలూ గావు, పూజాద్రవ్యాలు.

అటువంటి పూజాద్రవ్యాన్ని పట్టికలో తప్పుగా నమోదు చేస్తే దాత చేసిన దానపు చరిత్ర చెరిగిపోతుంది. పచ్చగాజును మరకతమని వ్రాస్తే లేని వాణిజ్యమార్గం పుడుతుంది. మరకతాన్ని పచ్చగాజని వ్రాస్తే ఉన్న మార్గం అదృశ్యమవుతుంది. జేడ్, పచ్చ స్ఫటికజాతులు, పెరిడాట్, టూర్మలిన్ కంటికి మరకతం వలెనే కనిపించవచ్చు. వక్రీభవన గుణకాన్ని కొలవడం, సూక్ష్మదర్శినిలో అంతర్గత రేణువులను పరిశీలించడం, రామన్ వర్ణపటాన్ని తీయడం రాయికి హాని చేయని పద్ధతులు. ధాతు నిక్షేపాల విషయంలో ఇట్టి పద్ధతులే ఉచితం.

పరీక్ష జరిగేవరకు పట్టికలో ‘ఆకుపచ్చ రాయి’ అని వ్రాయడమే సత్యం. గ్రంథస్థమైన పేరు ఉంటే దానిని వేరొక గడిలో యథాతథంగా ఉంచవలెను. ఖనిజ నిర్ణయానికి మరొక గడిని, గని నిర్ణయానికి ఇంకొక గడిని ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీలను పూరించే పని తరువాతి పరిశోధకులది.