దంతం పిడి మాత్రం వెయ్యను

కాశీబుగ్గలో మాది సానపట్టే కొట్టు. మా నాన్న కాలంలో పలాస, మందస, సోంపేట మంగలి షాపుల కత్తులన్నీ పదునుకి మా దగ్గరికే వచ్చేవి. బ్లేడు మార్చుకునే కత్తులొచ్చాక ఆ బేరం పోయింది. ఇప్పుడు చిత్రమేమిటంటే, విశాఖ, బెంగళూరు కుర్రాళ్లు పాత మడత కత్తులు కొనుక్కుని, కొత్త పిడులు వెయ్యమని నాకు పార్సిళ్లు పంపుతున్నారు. టేకు, ఇత్తడి, గేదె కొమ్ము, ఏది అడిగితే అది వేస్తాను. దంతం మాత్రం వెయ్యను. "పాత దంతమే గదండీ, చచ్చిన ఏనుగు మళ్లీ చస్తదా?" అని అడిగేవాళ్లకి ప్రతిసారీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

టెక్కలి దగ్గర ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన గుడ్డలో చుట్టి ఒక పెట్టె తెచ్చారు. వాళ్ల ముత్తాత రంగూన్ వెళ్లేముందు విశాఖలో కొన్నదట. గంధపు చెక్క పెట్టె, అంచుకి నల్ల కొమ్ము, మూతంతా దంతపు రేకు. రేకు మీద వెంట్రుక మందం నల్లగీతలతో తీగ, తీగకి ఆకులు, మూలకొక పువ్వు. తిత్లీ తుపానుకి ఇంటి పెంకులు మీదపడి మూత రెండుగా చీలింది. "ఇరిగిపోనాది ఆచారిగారూ, ఇంక దేనికి పనికొస్తాది? ఆ దంతం ఊడదీసి మా మనవడి కత్తికి పిడి ఎయ్యండి" అన్నారు. ఉంచమని కూడా అనలేదు నేను. చూసి, చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాను.

ఆ తీగ ఎవరో ఊసుపోక గీసింది కాదు. విశాఖపట్నం దంతపు పని పద్దెనిమిదో శతాబ్దం నుంచే పేరున్న పని. కంసాలులు దంతాన్ని పల్చటి రేకులుగా కోసి చెక్కకి అంటించి, సూది ఉలితో గీసి, గీతల్లోకి నల్ల లక్క కరిగించి నింపి, పైన నున్నగా రాసేవారు. మేజాలు, కుర్చీలు, రాతపెట్టెలు ఇలా ఎన్నో తెల్లదొరల ఇళ్లకి వెళ్లాయి. 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి, మద్రాసు గవర్నరుగా చేసిన ఒక దొర ఆస్తి వేలంలో మన వైపు దంతపు కుర్చీలు కొని రాణీకి ఇచ్చాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పని ఇప్పటికీ చూడొచ్చు. అమెరికా తిమింగలాల వేటగాళ్లు కూడా ఓడల్లో కూర్చుని తిమింగలం పళ్ల మీద ఇలాగే గీసి, మసి రుద్దేవారు. దాన్ని స్క్రిమ్‌షా అంటారు. వాళ్లది ఓడ మీద పొద్దుపోని పని, మనవాళ్లది కులవృత్తి.

ఇక పిడి సంగతి. మడత కత్తి పిడి అంటే రెండు పలకలు, మధ్య కత్తి, చివర ఇత్తడి రివెట్లు. పలకకి తగినంత మందం ఉంటే గాని రివెట్టు పట్టదు. పెట్టె మూత మీది రేకు అంత ఉండదు. ఊడదీస్తే చీలుతుంది. చీలకపోయినా వెనక జిగురు గీకాలి, ముందు వంపు తిప్పాలి, అంచులు రాయాలి. గీత లోతు కాగితం మందం. ఆకురాయి నాలుగుసార్లు తగిలితే తీగ పోతుంది. చివరికి చేతిలో మిగిలేది ఏ బొమ్మా లేని తెల్ల ముక్క. దానికి నీళ్లు, సబ్బు నురగ రోజూ తగులుతుంటే బీటలిస్తుంది. కొమ్ము వంగితే వేడి చేసి సరిచేస్తాం, దంతానికి ఆ మందు లేదు.

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. ఏనుగు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. 1986 సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా నుంచి తెచ్చిన దంతం వ్యాపారం కూడా ఆగిపోయాయి. వస్తువు వందేళ్లదైనా ఇక్కడ మినహాయింపు లేదు. తాతల నుంచి వచ్చింది ఇంట్లో ఉంచుకోవాలంటే, వచ్చిన 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలియజేసి కాగితం తీసుకోవాలి. కాగితం ఉన్నా అమ్మకూడదు. కేసు పడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అమెరికాలో వందేళ్ల వస్తువులకి మినహాయింపు ఉంది గాని, పాతదాన్ని కోసి కొత్త వస్తువు చేస్తే అక్కడా అది చెల్లదు.

ఒక తెలివైన కుర్రాడు "మముత్ దంతం తెప్పిస్తానండీ, అది ఎప్పుడో అంతరించిపోయింది కదా" అన్నాడు. ఆ వాదన దంతం వ్యాపారులు సుప్రీంకోర్టులోనే వేశారు. 2003లో కోర్టు ఒప్పుకోలేదు. మముత్ పేరు పెట్టుకుని ఏనుగు దంతం అమ్మితే పట్టుకునేదెవరు? తిమింగలం పన్నూ అంతే, తిమింగలమూ రక్షిత జంతువే. 2023లో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు పళ్ల గురించి నన్నడిగినవాళ్లూ ఉన్నారు!

ఏనుగు మనకి సినిమాలో కనిపించే జంతువేం కాదు. ఒడిశా అడవుల నుంచి దిగి మన పొలాల్లో తిరుగుతూనే ఉంది. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఒక్కచోటే చచ్చిపోయాయి. వాటికి దంతం వేట కూడా తోడవకూడదు. పాత దంతానికి గిరాకీ పెరిగితే కొత్తదాన్ని టీ డికాషన్లో నానబెట్టి పాతదని అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. పిడి చూసి అది ఏ సంవత్సరపు ఏనుగో నేను చెప్పలేను, కొనేవాడూ చెప్పలేడు.

అందుకని పెద్దాయనతో పర్లాకిమిడి కొమ్ము మాట చెప్పాను. అక్కడి కొమ్ము పనివాళ్లు ఇవాళ్టికీ దువ్వెనలు, కొంగలు, చేతికర్రలు చేస్తున్నారు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేసిన నౌపడా రైలు లైను పుణ్యమా అని టెక్కలికి అది అప్పటి నుంచీ పక్క ఊరే. గేదె కొమ్ముని మంట మీద తిప్పుతుంటే కాలిన వెంట్రుక కంపు కొట్టి మెత్తబడుతుంది. రెండు ఇనప రేకుల మధ్య బిగించి చల్లారనిస్తే పలక తయారు. మెరుగు పెడితే నల్ల అద్దమే.

తీగ కావాలంటే కొమ్ము మీదా గీయొచ్చు. నల్ల కొమ్ముకి నల్ల లక్క కనపడదు గనక తెల్ల రంగు కలిపిన లక్క నింపాలి. కొమ్ముకి పీచు ఉంటుంది, అడ్డంగా గీస్తే ఉలి జారుతుంది. వంపుని ఒక్క ఊపులో తియ్యకుండా చిన్న చిన్న కోతలుగా తియ్యాలి. పెద్దాయన మూత ఫొటో పంపారు, తీగ దాన్ని చూసే గీస్తున్నాను. పెట్టె సంగతి అటవీ శాఖ ఆఫీసులో అడగమన్నాను, చీలిక అతికించాలన్నా కాగితం వచ్చాకే. పిడులు కావలసినవాళ్లు పాత పిడి కొలతలు పంపకండి, పాత పిడులు ఎండకి వంగిపోయి ఉంటాయి. కత్తి పొడవు, రివెట్టు రంధ్రం కొలిచి పంపండి.