ప్రాసెసర్‌పై పెల్టియర్ పలక: అపోహలు – వాస్తవములు

గడియారముల వృత్తిని విడిచి భౌతికశాస్త్ర పరిశోధనకు అంకితుడైన ఫ్రెంచి దేశీయుడు పెల్టియర్, రెండు వేర్వేరు లోహములు కలియు సంధి గుండ విద్యుత్తు ప్రవహించునపుడు ఆ సంధి ఒక దిశలో చల్లబడుననియు, దిశ మార్చినంతనే వేడెక్కుననియు 1834లో కనుగొనెను. నాలుగేండ్ల పిదప రష్యాలో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు బిస్మత్, ఆంటిమొనీల సంధిపై నీటిబొట్టును నిలిపి, ప్రవాహముచే దానిని గడ్డకట్టించి, ప్రవాహదిశను త్రిప్పి మరల కరగించి చూపెను. శతాబ్దమునకు పైగా ప్రయోగశాలలకే పరిమితమైయుండిన ఈ ధర్మమునకు, 1954లో ఇంగ్లండున గోల్డ్‌స్మిడ్, డగ్లస్ అను వారు బిస్మత్ టెల్యూరైడ్ అను అర్ధవాహకముతో చేసిన పరిశోధన వలన వ్యావహారిక ప్రయోజనము చేకూరినది.

నేడు నాలుగు సెంటీమీటర్ల చదరమైన పెల్టియర్ పలక కొద్ది వందల రూపాయలకే లభించుచున్నందున, దానిని కంప్యూటర్ ప్రాసెసర్‌పై అమర్చినచో వేడి సమస్య తీరిపోవునను విశ్వాసము సాహసికులైన యువకులలో వ్యాపించినది. ఆ ఉత్సాహము మెచ్చదగినదే. అయినను లెక్కకు అందని ఉత్సాహము విలువైన పరికరములను నాశనము చేయగలదు గనుక, ఈ విషయమున ప్రచారములోనున్న అపోహలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

అపోహ 1: ఈ పలక వేడిని హరించి చల్లదనమును పుట్టించును.

వాస్తవము: పింగాణీ వంటి రెండు పలుచని రేకుల నడుమ వరుసగా కూర్చబడిన అర్ధవాహక ఖండముల గుండ ఏకముఖ విద్యుత్తు ప్రవహించునపుడు, ఒక ముఖము వద్దనున్న ఉష్ణము రెండవ ముఖమునకు చేరవేయబడును, అంతియే గాని లేశమాత్రమైనను నశింపదు. పైగా ఆ చేరవేతకై వ్యయమైన విద్యుత్తంతయు తానును ఉష్ణముగా మారి ఆ రెండవ ముఖముననే వెలువడును. ప్రాసెసర్ 100 వాట్ల వేడిని వెలువరించుచుండగా పలక 150 వాట్ల విద్యుత్తును గ్రహించినచో, వేడి ముఖమునుండి తొలగింపవలసిన భారము 250 వాట్లగును. శక్తి నిత్యత్వ నియమమునకు ఇందు మినహాయింపు లేదు.

అపోహ 2: పెల్టియర్ పలక ఉన్నచో పెద్ద హీట్ సింక్‌తో పనిలేదు.

వాస్తవము: పనిలేకపోవుట యటుండగా, మునుపటి కంటె ఎంతో సమర్థమైన హీట్ సింక్ అవసరమగును. ఒక్కొక్క వాట్టుకు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కు మంచి హీట్ సింక్‌ను తీసికొని, గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలుగా నున్నదని భావింతము. పలక లేనప్పుడు 100 వాట్ల భారముతో అది 20 డిగ్రీలు పెరిగి 55 డిగ్రీల వద్ద నిలుచును. పలకను నడుమ నుంచి 250 వాట్ల భారమును మోపినచో, 50 డిగ్రీలు పెరిగి 85 డిగ్రీలకు చేరును. అనగా పలక తన రెండు ముఖముల నడుమ 30 డిగ్రీల అంతరమును కల్పించిన పిదపనే, అది లేని నాటి స్థితికి మరల వచ్చినట్లగును; ఆ పైన లభించినదే నిజమైన లాభము. సాధారణమైన ఏసీ ఒక యూనిట్ విద్యుత్తుతో దాదాపు మూడు యూనిట్ల ఉష్ణమును తరలింపగలుగుచుండగా, ఇంతటి అంతరము వద్ద పెల్టియర్ పలక తాను గ్రహించిన విద్యుత్తుకు సమానమైన ఉష్ణమునైనను తరలించుట అరుదు.

అపోహ 3: వివరపత్రములో 60 వాట్లు, 66 డిగ్రీలు అని ఉన్నచో, 60 వాట్ల వేడిని 66 డిగ్రీల మేరకు చల్లబరచునని అర్థము.

వాస్తవము: ఎందరినో మోసపుచ్చిన అపోహ ఇది. 127 జతల ఖండములును, 6 ఆంపియర్ల సామర్థ్యమును గలిగి బజారులో విరివిగా దొరకు 12706 రకపు పలకకు ఇంచుమించుగా ఈ అంకెలే వ్రాయబడియుండును. కాని వాట్ల సంఖ్య రెండు ముఖముల నడుమ అంతరము సున్నయైనప్పటి గరిష్ఠము. డిగ్రీల సంఖ్య తరలింపవలసిన ఉష్ణము సున్నయైనప్పటి గరిష్ఠము. ఏతముతో నీరు తోడువానికి బావి లోతైన కొలది అదే శ్రమకు దక్కు నీరు తగ్గునట్లు, అంతరము పెరిగిన కొలది పలక తరలించు ఉష్ణము తగ్గుచు వచ్చి, గరిష్ఠాంతరము వద్ద పూర్తిగా నిలిచిపోవును. కనుక 100 వాట్ల ప్రాసెసర్‌కు ఇట్టి పలక ఒక్కటి ఎన్నటికిని చాలదు.

అపోహ 4: వోల్టేజిని ఎంత పెంచిన అంత చల్లబడును.

వాస్తవము: చల్లబరచు శక్తి ప్రవాహముతో సమానుపాతమున పెరుగుచుండగా, ఖండముల నిరోధము వలన పుట్టు వేడి ప్రవాహపు వర్గముతో పెరుగును, ఆ వేడిలో సుమారు సగము చల్లని ముఖమునకే మరలి వచ్చును. కావున ఒక మేరకు మించి ప్రవాహమును పెంచినచో చల్లదనము తగ్గనారంభించును. హీట్ సింక్ బలహీనమైనదైనచో ఆ మేర ఇంకను ముందుగనే వచ్చును. వోల్టేజిని సగమునకు తగ్గించినప్పుడు విద్యుద్వ్యయము దాదాపు నాల్గవ వంతునకు దిగునుగాన, 12 వోల్టులతో కంటె 6 వోల్టులతో నడిపినప్పుడే ప్రాసెసర్ ఎక్కువ చల్లగా నుండుట అసంభవము కాదు.

అపోహ 5: ప్రాసెసర్ ఎంత చల్లబడిన అంత మేలు.

వాస్తవము: గాలిలోని తేమ నీరుగా మారు తుషారస్థానమునకు దిగువగా ఏ ఉపరితలము చల్లబడినను, దానిపై నీటిబిందువులు ఏర్పడక మానవు. 32 డిగ్రీల వేడిమి, 75 శాతపు ఆర్ద్రత గల విశాఖపట్నము వంటి తీరనగరపు దినమున ఆ స్థానము 27 డిగ్రీలు. 25 డిగ్రీలు, 50 శాతపు ఆర్ద్రత గల ఏసీ గదిలో దాదాపు 14 డిగ్రీలు. ఈ నీరు కంటికి కనబడు చోటనే గాక, సాకెట్ లోపలను మదర్‌బోర్డు వెనుక వైపునను చేరి, షార్ట్ సర్క్యూట్‌కును, లోహపు తీగల క్షయమునకును కారణమగును. నియోప్రీన్ ఫోముతో గాలి చొరకుండ ఆ భాగములను కప్పుట ఇందులకే. నేటి ప్రాసెసర్లలో అనేకము 95, 100 డిగ్రీల వరకు తాళుకొనునట్లు నిర్మింపబడినవి గనుక, సామాన్యోపయోగమునకు గది ఉష్ణోగ్రత కంటె దిగువకు పోవలసిన అవసరమే లేదు.

అపోహ 6: పలక ఆగిపోయినను నష్టము లేదు; థర్మోస్టాట్‌తో ఆపుచు, వేయుచు నడుపవచ్చును.

వాస్తవము: రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి దాదాపు 400 వాట్లు కాగా, బిస్మత్ టెల్యూరైడ్‌కు ఒకటిన్నర మాత్రమే. విద్యుత్తు ఆగిన మరుక్షణము పలక ప్రాసెసర్‌కును హీట్ సింక్‌కును నడుమ అడ్డుగోడయగును. ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనవలసి వచ్చును, లేదా పూర్తిగా ఆగిపోవును. మాటిమాటికి ఆపి వేయుట వలన కలుగు వ్యాకోచసంకోచములు లోపలి టంకపు అతుకులను పగులగొట్టి, పలక ఆయుర్దాయమును హరించును. ప్రవాహమును నెమ్మదిగా హెచ్చించుచు తగ్గించుచు నియంత్రించుటయే సరియైన పద్ధతి.

అపోహ 7: అట్లైన ఇది నిష్ప్రయోజకమైన సాధనము.

వాస్తవము: ఇదియు అపోహయే. కొద్ది వాట్ల వేడిని కచ్చితమైన ఉష్ణోగ్రత వద్ద నిలుపవలసిన చోట దీనికి సాటి అరుదు. ఖగోళ ఛాయాగ్రహణపు కెమెరాలలోను, లేజర్ డయోడ్లలోను, జన్యుపదార్థమును వృద్ధిచేయు పీసీఆర్ యంత్రములలోను ఇది నిశ్శబ్దముగా, కదలు భాగమేదియు లేకుండ పనిచేయుచున్నది. ప్రాసెసర్ల విషయమున సైతము ఇంటెల్ సంస్థ 2020లో క్రయో కూలింగ్ అను పేర, 200 వాట్ల వరకు విద్యుత్తును గ్రహించు పలకను నీటి శీతలీకరణముతో జోడించి, తుషారస్థానమును గమనించు నియంత్రణతో ప్రవేశపెట్టెను. ఇంతటి జాగ్రత్తతో రూపొందిన ఆ ప్రయత్నమును సైతము ఆ సంస్థయే 2023లో విరమించినది.

కావున విద్యార్థులారా, ఈ పలకను కొని ప్రయోగము చేయుడు. నీటిబొట్టును గడ్డకట్టించి, లెంజ్ పొందిన ఆనందమును మీరును పొందుడు. కాని నిత్యము పనిచేయు కంప్యూటర్ చల్లగా నుండవలెనన్నచో, అదే ధనముతో మేలైన హీట్ సింక్‌ను, తాజా థర్మల్ పేస్ట్‌ను సమకూర్చుకొని, ఫ్యాన్లలోని దుమ్మును దులిపి, పెట్టెలోనికి గాలి ధారాళముగా వచ్చిపోవునట్లు చేయుడు. సామాన్యుని ప్రాసెసర్‌కు ఇంతకు మించిన శీతలోపచారము అవసరము లేదు.