పేరు దక్కింది... జీతమే దక్కలేదు!

అమెరికాలో చార్లెస్టన్ నుంచి సవానా వెళ్లే పదిహేడో నంబరు హైవే మీద కంబీ అనే నది ఉంది. దాని మీద వంతెనకు హారియట్ టబ్మన్ అనే నల్లజాతి మహిళ పేరు పెట్టారు. వంతెన దగ్గరే చరిత్ర తెలిపే బోర్డు కూడా నిలబెట్టారు. 1863 జూన్ 1, 2 తేదీల్లో అక్కడ జరిగిన దాడి గురించి అందులో ఉంటుంది. కారులో వెళ్లేవాళ్లకు అదో మామూలు బోర్డు. ఆగి చదివితే మాత్రం, మన ఆడవాళ్లందరికీ తెలియాల్సిన కథ.

అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) నడుస్తోంది. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం. కంబీ ఒడ్డున అంతా వరి మళ్లే. మోకాళ్లలోతు బురదలో దిగి పనిచేసేది నల్లజాతి ఆడా మగా, పంట డబ్బు మాత్రం దొరలది.

హారియట్ కూడా బానిసగా పుట్టిందే. 1849లో పారిపోయి బయటపడింది. తన దారి తాను చూసుకోలేదు. పదమూడు సార్లు దాకా రహస్యంగా వెనక్కి వెళ్లి డెబ్భై మందిని తీసుకొచ్చింది. యుద్ధం రాగానే ఉత్తరాది సైన్యంలో నర్సుగా, గూఢచారిగా చేరింది.

అన్నం గిన్నెతోనే పరుగు

నదిలో శత్రువులు ఎక్కడెక్కడ మందుపాతరలు పెట్టారో అక్కడి బానిసల ద్వారానే ఆరా తీయించింది హారియట్. ఆ రాత్రి కల్నల్ మాంట్‌గోమరీ సైనికులతో ఆవిరి పడవల్లో బయల్దేరింది. ఆ సైనికుల్లో ఎక్కువమంది మొన్నటి దాకా బానిసలే.

తెల్లవారుతుంటే పడవల కూత వినబడింది. మళ్లలోంచి జనం పరుగో పరుగు! ఒకామె పొయ్యి మీది అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చేసిందట. ఇంకా పొగలు వస్తున్నాయి. వీపున వేలాడుతున్న పిల్లాడు అందులోంచే తీసుకు తింటున్నాడట! ఆ ఒక్కరోజే ఏడువందల మందికి పైగా విముక్తి పొందారు.

ఆ హడావిడిలో, బిడ్డనెత్తుకున్న ఓ జబ్బుమనిషి పందిపిల్లల్ని హారియట్ మోస్తోంది. పరుగెత్తబోయి తన పొడవాటి గౌను తానే తొక్కుకుని పడింది. గౌను చిరిగి పేలికలైంది. ఇకమీదట ఇలాంటి పనికి గౌను వేసుకోను, పైజామాలాంటి బ్లూమర్ దుస్తులు పంపండి అని స్నేహితులకు ఉత్తరం రాయించింది. రాయించింది అనడం ఎందుకంటే, ఆమెకు చదువు రాదు.

రాత్రుళ్లు వంట... పగలు సేవ

ఇంత చేసిన మనిషి ఎలా బతికిందో తెలుసా? సైన్యం ఇచ్చే రేషన్ చూసి తోటివాళ్లు గొణుక్కుంటున్నారని దాన్నే వదిలేసింది. రాత్రంతా మేలుకుని పై అనే పిండివంటలు, అల్లం రొట్టెలు చేసి అమ్మించేది. తెల్లారితే మళ్లీ ఆస్పత్రిలో రోగుల దగ్గర. చేతికొచ్చిన 200 డాలర్లు పెట్టి బట్టలుతికే షెడ్డు కట్టించింది. విముక్తి పొందిన ఆడవాళ్లు సొంతంగా నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని ఆమె తాపత్రయం.

యుద్ధం అయ్యాక ఆమె సేవకు పెన్షన్ అడిగితే ఏళ్లూ పూళ్లూ గడిచాయి. చివరికి 1895లో నెలకు 8 డాలర్లు మంజూరయ్యాయి. అదీ ఆమె చేసిన పనికి కాదు, సైనికుడి భార్యగా, వితంతువు పెన్షన్! 1899లో దాన్ని 20 డాలర్లు చేశారు. 1913లో హారియట్ కన్నుమూసింది. 2024 నవంబరు 11న మేరీల్యాండ్ రాష్ట్రం ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చి గౌరవించింది. అప్పటికి ఆమె పోయి నూటపదకొండేళ్లు!

ఎవరో ఆడమనిషి, ఎక్కడో అమెరికా, మనకెందుకంటారా? పొలంలో, కొట్లో, ఇంట్లో ఆడవాళ్ల చాకిరీని "సాయం" అనేసి లెక్కలో రాయకపోవడం మనకూ తెలిసిందేగా. అమ్మాయి దగ్గరికో, అబ్బాయి దగ్గరికో వెళ్లినప్పుడు అటువైపు ప్రయాణం పడితే, అయిదు నిమిషాలు కారు ఆపించండి. పక్కనున్న పిల్లలకు బోర్డు మీది కథ చెప్పండి. బోర్డులో పట్టని పిండివంటల సంగతీ, పెన్షన్ సంగతీ కూడా చెప్పండి.